కర్కాటక పథ్యం

నెన్మార,
1998 ఏప్రిల్ 19

ఒసే రాహేలూ,

విషు పండగ వెళ్ళి ఐదు రోజులైంది. ఈసారి తెల్లారగానే మొదట చూసే కణి పెట్టలేదు. పండూ లేదు, పువ్వూ లేదు, అద్దమూ లేదు. పొద్దున కళ్ళు తెరిచి గోడను చూసి మళ్ళీ మూసుకున్నాను.

జనవరి నుంచీ నేను మనిషిలా లేను. అంగన్‌వాడీలో పిల్లలకు గంజి వండాలని తెలుసు, బియ్యం ఎదురుగా ఉంటుంది, చెయ్యి కదలదు. పిల్లలు చుట్టూ చేరి "టీచర్, టీచర్" అని కొంగు లాగుతుంటే దూరంగా ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు ఉండేది. ఆయన పోయి పదకొండేళ్ళు. అప్పుడు నిలబడ్డదాన్ని ఇప్పుడు ఏ కారణమూ లేకుండా కూలబడ్డాను. కారణం లేకపోవడమే నాకు ఎక్కువ సిగ్గుగా ఉంది.

మా సూపర్‌వైజర్ సరోజిని మేడం ఒకరోజు ఇంటికొచ్చింది. "తంకమ్మా, నీకు జ్వరమొస్తే నిన్ను తిడతానా? ఇదీ అంతే. చీర మార్చుకో, పద" అని పాలక్కాడ్ తీసుకెళ్ళింది. డాక్టరు చిన్నవాడు. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు. రోజూ పొద్దున తిన్నాక ఒక మాత్ర, మూడు వారాలకు మళ్ళీ రమ్మన్నాడు. మేడం నాకు సెలవు రాయించింది.

మాత్రలు తెచ్చి బియ్యం డబ్బాలో దాచాను. మింగితే పిచ్చిదాన్నని ఒప్పుకున్నట్టే కదా. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రిలో జనానికి మాత్రలు పంచుతున్నదానివి, నువ్వు చెప్పు. వేసుకోనా, వద్దా? నీ జవాబు వచ్చేదాకా డబ్బా మూత తియ్యను. అంటే అప్పటిదాకా అన్నం కూడా వండుకోనని అర్థం. నవ్వుకో.

నీ తంకం

*

రూర్కెలా,
1998 ఏప్రిల్ 25

ఒసే తంకం,

ముందు డబ్బా మూత తియ్. మాత్రలు బయట పెట్టు, బియ్యం కడుగు. మిగతా ఉత్తరం తర్వాత చదువుదువుగాని.

పిచ్చిదాన్నని ఒప్పుకోవడమా? మా వార్డులో షుగరుతో ఉన్న హెడ్ గుమస్తా ఒకాయన గులాబ్‌జామ్‌లు దిండు కింద దాచుకుంటున్నాడు. నిన్న నేనే పట్టుకున్నాను. నువ్వు మందు దాచావు, ఆయన విషం దాచాడు. మీ ఇద్దరిలో ఎవరు పిచ్చో నువ్వే తేల్చు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. మొదటి వారం పది రోజులు కడుపులో వికారంగా ఉంటుంది, నోరు ఎండుతుంది, నిద్ర అటూ ఇటూ అవుతుంది. చాలామందికి అది తగ్గిపోతుంది. మేలు మాత్రం మూడు నాలుగు వారాల దాకా కనిపించదు. ఈ మధ్యలోనే అందరూ తిట్టుకుని మానేస్తారు. నువ్వు తిట్టుకో, మానకు. ఒక రోజు మరిచిపోతే మరునాడు రెండు కలిపి మింగకు. ఇంకే మందు వాడుతున్నా, ఆఖరికి దగ్గు మందైనా, డాక్టరుకు చెప్పు. మనసు మరీ పాడై ప్రాణం మీద విరక్తి పుడితే మాత్రం మూడు వారాలు ఆగొద్దు. ఆ రోజే బస్సెక్కు. అన్నిటికంటే ముఖ్యం, బాగైపోయిందనిపించిన రోజు నీకు నువ్వే పెద్ద డాక్టరువై ఆపెయ్యకు. మోతాదు ఎక్కించేదీ దించేదీ ఆయనే, మెల్లమెల్లగా.

ఇకనుంచి నాకు రాసే ప్రతి ఉత్తరంలో మొదటి మాట "వేసుకున్నాను" అని ఉండాలి. తర్వాతే కబుర్లు.

నా సంగతి ఏముంది? డిసెంబరులో రిటైరవుతాను. బాగానే ఉన్నాను.

రాహేల్

*

నెన్మార,
1998 జూన్ 14

రాహేలూ,

వేసుకున్నాను. చూశావా, నీ మాట ముందు రాశాను.

మొదటి పది రోజులు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. వేవిళ్ళ మనిషిలా నిమ్మకాయ పట్టుకు తిరిగాను. ఎదురింటి కల్యాణి నా వైపు అదోలా చూసి, "తంకం టీచర్, ఏమిటీ విశేషం?" అంది. యాభై రెండేళ్ళ విధవకు విశేషమేమిటే! చాలా నెలల తర్వాత అప్పుడే నవ్వొచ్చింది.

తర్వాత ఏమైందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు వాన మొదలైంది. ఆరేసిన బట్టలు తీసుకురావడానికి పరిగెత్తాను. తెచ్చి మంచం మీద పడేశాక తెలిసింది, నేను పరిగెత్తానని. ఇంకా పూర్తిగా నేను నేను కాను. సాయంత్రాలు ఇల్లంతా ఖాళీ సంచిలా ఉంటుంది. ఎవరైనా వస్తే బాగుండుననిపిస్తుంది, వస్తే ఎప్పుడు పోతారా అనిపిస్తుంది. అయినా చింగం ఒకటో తారీఖున, కొత్త సంవత్సరం నాడు, పిల్లల దగ్గరకు వెళ్ళాలి. మేడం అప్పటిదాకే ఆగగలనంది. ఆ తర్వాత నా చోట ఇంకొకరిని వేస్తారు. ఆ ఇరవై ఇద్దరు పిల్లలు లేకపోతే నన్ను కొంగు పట్టి పిలిచేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.

కర్కాటకంలో మాధవి వదిన వస్తుంది. ఆయన అక్కగారు, నీకు తెలుసుగా. ఏటా ఆ నెల మా ఊరి ఆయుర్వేద వైద్యులుగారి దగ్గర చికిత్స చేయించుకుని, గంజి తాగి వెళ్తుంది.

ఒకటి అడగాలని ఎన్నాళ్ళుగానో ఉంది. ఎనభై తొమ్మిదిలో ఏడు నెలలు నాకు ఒక్క ముక్క రాయలేదు నువ్వు. తర్వాత టైఫాయిడ్ అన్నావు. ఏడు నెలల టైఫాయిడా? నేను అప్పుడు అలిగాను, అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నీ తంకం

*

రూర్కెలా,
1998 జూన్ 22

తంకం,

బట్టల కోసం పరిగెత్తావన్న ముక్క నాలుగుసార్లు చదివాను.

టైఫాయిడ్ సంగతి ఇప్పుడెందుకు? ఎప్పటి మాటో. ఇక్కడ ఎండలు ఇంకా తగ్గలేదు. రిటైర్మెంట్ కాగితం వచ్చింది. జనవరికల్లా క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వడక్కంచేరిలో అన్నయ్యను అడిగాను, నా గదిలో ఇప్పుడు మనవల చదువు బల్ల ఉందట. "చూద్దాంలేవే, కంగారేముంది" అన్నాడు. అదీ నిజమే, కంగారేముంది.

మాత్ర మానకు.

రాహేల్

*

నెన్మార,
1998 జులై 29

ప్రియమైన రాహేల్,

వాన ఆగడం లేదు. వదిన వచ్చి పన్నెండు రోజులైంది. ఈసారి తనతో పాటు నేనూ పథ్యంలో ఉన్నాను! వైద్యులుగారు పద్నాలుగు రోజులు చికిత్స చెప్పారు. ఆ తర్వాత ఇంకో పద్నాలుగు రోజులు గాలి తగలకుండా, ఊరు దాటకుండా ఇంట్లోనే ఉండాలి. పొద్దున నూనె, వేడినీళ్ళు, సాయంత్రం మందు గంజి, పడుకునే ముందు అరిష్టమనే పులియబెట్టిన కషాయం. ఉప్పూ పులుపూ తక్కువ. వదిన నా వీపు రుద్దుతుంది, నేను తన వీపు రుద్దుతాను. ఇద్దరం ముసలి గేదెల్లా పీటల మీద కూర్చుంటాం.

ఒంట్లోంచి విషమంతా బయటికి వస్తోందే. నాకే తెలుస్తోంది. కళ్ళు పక్కకు తిప్పితే తలలో జిల్లుమని చిన్న కరెంటు కొట్టినట్టు అవుతుంది. లేచి నిలబడితే నేల ఊగుతుంది. కలలు ఎంత స్పష్టంగా వస్తున్నాయో! ఊరికే ఏడుపొస్తుంది. మొన్న గంజి కాస్త ఒలికిందని వదిన మీద గిన్నె విసిరాను. "మొదట్లో ఒళ్ళు కుదుపుతుంది, తర్వాత తేటపడుతుంది" అని వైద్యులుగారు అందరికీ చెప్పే మాటే. ఎంత ఎక్కువ కుదిపితే అంత మంచిదంది వదిన. అందుకే ఓర్చుకుంటున్నాను.

చింగానికి పంతొమ్మిది రోజులే ఉంది. అప్పటికి కడిగిన పళ్ళెంలా అవుతాను. నువ్వు నా గురించి బెంగపడకు. మిగతా అంతా మామూలే.

తంకమణి

*

రూర్కెలా,
1998 ఆగస్టు 4

తంకం,

నిన్న మీ ఊరి గ్రంథాలయానికి ఫోన్ చేశాను. అక్కడ పనిచేసే వేలాయుధన్ గొడుగేసుకుని వచ్చి నిన్ను పిలుచుకొచ్చేదాకా లైనులో చెవి పెట్టుకుని నిలబడ్డాను. "మాత్ర వేసుకుంటున్నావా?" అంటే "ఆఁ, ఆఁ, బాగానే ఉన్నా, అందరూ బాగున్నారా?" అన్నావు. వెనక పేపర్లు తిప్పుతున్న చప్పుడు నాకూ వినిపించింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఏం చెప్పగలవులే. తప్పు నాదే. అందుకే ఇది ఎక్స్‌ప్రెస్ డెలివరీలో పంపుతున్నాను.

నీ ఉత్తరంలో మొదటి మాట లేదు. మూడు నెలల్లో మొదటిసారి లేదు. పైగా "ప్రియమైన రాహేల్" అట, "తంకమణి" అట. ఆపేశావు కదూ? ఇంగ్లీషు మందూ వైద్యులుగారి మందూ ఒకే కడుపులో ఉండకూడదని ఆపేశావు. ముప్పై ఏళ్ళు ఊరు వదిలి కర్కాటకమంటే ఏమిటో మరిచిపోయాను. జూన్‌లోనే నీకు రాసి ఉండాల్సింది.

ఆ కరెంటు విషం పోవడం కాదే. మాత్ర ఒక్కసారిగా ఆపితే వచ్చేది అది. తల తిరగడం, కలలు, గిన్నె విసరడం, అన్నీ అవే. దాని వెనక పాత జబ్బు తిరిగి రావచ్చు. నువ్వు దానికి దండం పెట్టి ఇంట్లోకి పిలుస్తున్నావు.

నాకెలా తెలుసంటే, నువ్వు అడిగిన ఎనభై తొమ్మిది. అప్పటికి రెండేళ్ళుగా నేను మాత్రలు వాడుతున్నాను. నీకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఈస్టరు ముందు యాభై రోజుల ఉపవాసం వచ్చింది. మాంసం, చేప, పాలు అందరూ వదిలేవే. నాకు నిజంగా అవసరమైనదాన్ని వదిలితేనే కదా వదిలినట్టు అనుకున్నాను. మాత్ర వదిలి దేవుడికిచ్చాననుకున్నాను. నర్సునై ఉండి! తలలో జిల్లుమన్నప్పుడల్లా ఆయనే తాకుతున్నాడనుకుని మోకాళ్ళ మీద కూర్చునేదాన్ని. ఈస్టరుకు వారం ముందు, మట్టలాదివారం నాటికి మంచం దిగలేదు. అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. ఏడు నెలలు. దేవుడు నన్నేమీ అడగలేదే తంకం, నేనే ఇచ్చాను.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. మాత్ర నీ అంతట నువ్వు మళ్ళీ మొదలెట్టకు, పాలక్కాడ్ వెళ్ళి ఆ డాక్టరునే అడుగు. ఏ రోజు ఆపావో దాచకుండా చెప్పు. వైద్యులుగారికీ చెప్పు, అరిష్టంలో మత్తు ఉంటుంది, అది ఆపాలేమో అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా? అనిపిస్తే సిగ్గుపడకు, ఒంటరిగా ఉండకు, మాధవి వదినకు ఇప్పుడే చెప్పు. ఇప్పుడే.

నీ రాహేల్

*

నెన్మార,
1998 ఆగస్టు 20

రాహేలూ,

వేసుకున్నాను. మళ్ళీ మొదలెట్టి పదమూడు రోజులు.

నీ ఉత్తరం వచ్చినప్పుడు నేను వరండాలో గంజి గిన్నె పట్టుకుని కూర్చున్నాను. నిజం రాస్తున్నాను. నేను లేకపోతే అందరికీ ఒక పని తగ్గుతుందని ఆలోచిస్తున్నాను. ఏడుపు కూడా లేదు. లెక్క తేలిపోయినట్టు హాయిగా ఉంది, ఇప్పుడు తలుచుకుంటే ఆ హాయికే భయమేస్తుంది.

వదిన కళ్ళజోడు విరిగి రిపేరుకెళ్ళింది. "ఎవరే, రాహేలా? పైకి చదువు, నేనూ వింటా" అంది. ఎక్స్‌ప్రెస్ ఉత్తరం కదా, ఏ కబురోనని పక్కనే చతికిలబడింది. సరేనని చదవడం మొదలెట్టాను. మధ్యలో ఆపలేకపోయాను. ఆ చివరి ప్రశ్న కూడా చదివేశాను. వదిన నా మొహంలోకి చూసింది.

"ఏమే, నీకలా అనిపిస్తోందా?"

"అనిపిస్తోంది వదినా."

ఆవిడ లేచి నా పొడి చీర తెచ్చి పెట్టింది, తనూ మార్చుకుంది. "వదినా, నీకు గాలి తగలకూడదు, నీ పథ్యం పోతుంది" అన్నాను. "పోనీ వెధవ పథ్యం. వచ్చే ఏడు మళ్ళీ కర్కాటకం రాదా? నువ్వు మళ్ళీ వస్తావా?" అంది. మోకాళ్ళ నొప్పులతో ఏడాదంతా ఈ చికిత్స కోసమే ఎదురుచూస్తుందే ఆవిడ! ఆ జోరువానలో నన్ను చెయ్యి పట్టుకుని బస్టాండుకు నడిపించింది.

దారిలో వైద్యులుగారి గుమ్మం దగ్గర ఆగి చెప్పాం. ఆయన మండిపడ్డాడు. "మాత్రలు మానమని నేనన్నానా? ఏం మందులు వాడుతున్నావని అడిగానా, లేదా?"

"అడిగారు. ఏమీ లేదన్నాను."

"నాడి పట్టుకుని ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పడానికి నేనేమన్నా సోదెమ్మనా? అరిష్టం ఆపు. ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళు. ఆయన చెప్పింది కాగితం మీద రాయించుకుని రా."

ఆ చిన్న డాక్టరు తిట్టలేదు. తక్కువ మోతాదుతో మళ్ళీ మొదలెట్టి, మెల్లగా పెంచుతానన్నాడు. వదినను పిలిచి, నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళొద్దన్నాడు. మాత్రలు ఇప్పుడు ఆవిడ నడుము సంచిలో ఉంటాయి, రోజుకొకటి తీసి ఇస్తుంది. చింగం ఒకటి వెళ్ళిపోయింది. నేను వెళ్ళలేదు. మేడం వచ్చి ఒక నెల ఎలాగో గడుపుతానంది. ఆ ఒక్క నెలే.

ఇక నీ సంగతి. తొమ్మిదేళ్ళు నన్ను మోసం చేశావే! నేను ఒక్కదాన్నే ఇలా అయ్యానని గోడలకేసి చూస్తుంటే, "షుగరు గుమస్తా" అని కథలు రాశావు. "నాకూ అంతేనే" అని ఒక్క ముక్క రాస్తే ఆ మొదటి రోజే డబ్బా మూత తీసేదాన్ని. కోపంగా ఉంది. ఇంత కోపం వచ్చినందుకు సంతోషంగానూ ఉంది.

ఒకటి చెప్పు. నువ్వు ఇప్పుడూ వాడుతున్నావా? ఏ డాక్టరు చూస్తున్నాడు?

తంకం

*

రూర్కెలా,
1998 ఆగస్టు 29

తంకం,

వదినగారి పాదాలకు నా దండం చెప్పు.

వాడుతున్నాను. నన్ను చూసిన డాక్టరు ఆరేళ్ళ కిందటే బదిలీ అయి వెళ్ళిపోయాడు. ఇప్పుడున్నాయన మా ఆసుపత్రిలోనే కూర్చుంటాడు. ఆయన గది బయట బెంచీ మీద నేను కూర్చుంటే సాయంత్రానికి అన్ని వార్డులకూ తెలుస్తుంది. నా కింద నలభై మంది నర్సులున్నారే. అందుకని బజారులో ఒక షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకుంటాను. "పేషెంటుకా సిస్టర్?" అంటాడు. "అవును" అంటాను. రిటైర్మెంట్ కాగితం వచ్చిన దగ్గర్నుంచి నిద్ర పట్టక ఒకటిన్నర వేసుకుంటున్నాను. అంతే. నర్సుని, ఎంతవరకో నాకు తెలుసు.

ఇక దీని గురించి రాయకు.

రాహేల్

*

నెన్మార,
1998 సెప్టెంబరు 23

రాహేలూ,

వేసుకున్నాను. సోమవారం పిల్లల దగ్గరకు వెళ్ళాను. ఒక పిల్ల నన్ను మరిచిపోయి ఏడ్చింది. మిగతావాళ్ళు మరవలేదు. గంజి నేనే వండాను, కాస్త మాడింది, వాళ్ళే తిన్నారు. మధ్యాహ్నం అలిసిపోయి అరగంట చాప మీద పడుకున్నాను. సాయంత్రాలు ఇంకా బరువుగానే ఉన్నాయి. డాక్టరు ఇంకా చాలా నెలలు వాడాలన్నాడు. సరేనన్నాను.

రాయకు అన్నావు కానీ రాస్తాను. నర్సుని, నాకు తెలుసు అన్నావు. ఎనభై తొమ్మిదిలోనూ నర్సువే కదే? "ఎక్కించేదీ దించేదీ ఆయనే" అని నాకు రాసిన చెయ్యి ఎవరిది? ఒకటిన్నర ఎవరు ఎక్కించారు? పాత చీటీ చూపించి పేషెంటుకని అబద్ధమాడుతూ ఆరేళ్ళు! నేను అబద్ధమాడింది మూడు వారాలే, దానికే ఎంత పని అయిందో చూశావుగా.

నిన్ను ఆ బెంచీ మీద చూసి నలభై మంది ఏదో ఒకటి అనుకుంటారు. అనుకోనీ. డిసెంబరు దాటాక వాళ్ళెవరూ నీ దగ్గర ఉండరు. నేనుంటాను. క్వార్టరు ఖాళీ చేశాక ఎక్కడికని నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నాను. మా ఇంట్లో రెండో గది తలుపు వానకు ఉబ్బి పట్టేసింది, వదిన వెళ్తూ వెళ్తూ కాలితో తన్ని తీసింది. అది నీ గది.

కానీ అది జనవరి మాట. నేను పాలక్కాడ్ బెంచీ మీద కూర్చున్నప్పుడు పక్కన వదిన ఉంది. నీ పక్కన ఎవరూ ఉండరని తలుచుకుంటే ఏడుపొస్తోంది. రావాలంటే రెండు రోజుల రైలు, నాకు ఒక్క సెలవూ మిగల్లేదు. నేను రాలేను రాహేలూ. నువ్వొక్కదానివే వెళ్ళాలి. వెళ్ళు.

నీ తంకం

*

రూర్కెలా,
1998 అక్టోబరు 6

ఒసే తంకం,

ఇది బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే. నా ముందు ఇంకా ఆరుగురున్నారు.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. ఎనిమిది రోజులు నిన్ను తిట్టుకున్నాను. ఈ రోజు సెలవు పెట్టి, యూనిఫాం కాకుండా ఆ నీలం చీర కట్టుకుని వచ్చాను. అయినా దారిలో ఎనిమిది మంది "గుడ్ మార్నింగ్ సిస్టర్" అన్నారు.

చీటీలు రాసే పిల్ల సవిత. ఇంజక్షన్ ఎలా పట్టుకోవాలో దానికి నేర్పింది నేనే. తల ఎత్తకుండా, "పేషెంటు పేరు?" అంది. చెప్పాను. తలెత్తి నన్ను చూసి నవ్వింది. "మీ పేరు కాదు సిస్టర్, పేషెంటు పేరు."

"అదే రాయవే."

దాని పెన్ను ఆగింది. నేను అక్కడే తిరిగి వెళ్ళిపోయేదాన్ని తంకం, కాళ్ళు అప్పటికే తిరిగాయి. కానీ అది రాసింది. వయసు రాసింది. తర్వాత గొంతు బాగా తగ్గించి, "వెంట ఎవరొచ్చారు సిస్టర్? ఇక్కడ పేరు రాయాలి" అంది. ముప్పై ఏళ్ళుగా ఆ గడి ఖాళీగా వదిలిన చీటీలు ఎన్ని చూశానో! అలాంటివాళ్ళ దగ్గర కాసేపు ఎక్కువ నిలబడేదాన్ని.

తంకమణి అని రాయించాను.

సవిత నా భుజం మీదుగా బెంచీ అంతా చూసింది. "ఎక్కడున్నారు?"

"ఊళ్ళో ఉంది. పిల్లలకు గంజి వండుతోంది. రాలేదు" అన్నాను. ఇంకేమైనా అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు. ఆ పేరు కొట్టెయ్యనూ లేదు. లేచి, తన కుర్చీ పక్కనున్న ఫ్యాను నా బెంచీ వైపు తిప్పి వెళ్ళి కూర్చుంది.

ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. ఒకటిన్నర సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే దాటేస్తాను. నన్ను నేను ఎరుగుదును.

పిలుస్తున్నారే. వెళ్తున్నాను.

రాహేల్